శని, ఐతారం గోలి బంద్

గుండె దడ ఉన్నవాళ్ల మందుల చీటీల్లో చాలాసార్లు లానాక్సిన్ అనే పేరు పక్కన 5/7 అని రాసి ఉంటుంది. వారంలో ఐదు రోజులు వేసుకొమ్మని, రెండు రోజులు ఆపమని దానర్థం. హన్మకొండలో నక్కలగుట్ట వైపు మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే "శని, ఐతారం బంద్ పెట్టాలె పెద్దమ్మా" అని ముసలివాళ్లకు చెప్పే మాట చెవిన పడుతుంది. మా అమ్మ ఆ మాటను ఏళ్ల తరబడి తు.చ. తప్పకుండా పాటించింది. ఆ రెండు రోజులు ఎందుకు ఆపాలో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె మందుల డబ్బా నా చేతికొచ్చాక నేను మొదట తెలుసుకోవాలనుకున్నది అదే.

లానాక్సిన్‌లో ఉండే మందు డిజాక్సిన్. డిజిటాలిస్ అనే పూలమొక్క ఆకుల నుంచి తీస్తారు. ఇంగ్లండ్‌లో విలియం వితరింగ్ అనే వైద్యుడు ఆ జాతి మొక్క ఆకును పదేళ్ల పాటు రోగులకు ఇచ్చి, ఎవరికి ఎంత ఇస్తే ఏమైందో రాసిపెట్టి 1785లో పుస్తకంగా అచ్చు వేశాడు. బాగుపడ్డవాళ్ల సంగతులతో పాటు వికటించినవాళ్ల సంగతులనూ దాచకుండా రాయడం వల్లే ఆ పుస్తకం ఇప్పటికీ గౌరవించదగింది. మేలు చేసే మోతాదుకూ వాంతులు తెప్పించే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకని అప్పుడే తేలిపోయింది. ఇన్నేళ్లలో ఆ సందు వెడల్పు కాలేదు.

కిడ్నీలు బాగున్న మనిషి ఒంట్లోంచి సగం డిజాక్సిన్ పోవడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. వయసు పైబడి కిడ్నీలు నెమ్మదిస్తే ఇంకా ఆలస్యమవుతుంది. అలా పేరుకుపోయి విషమవుతుందన్న భయంతోనే మన దేశంలో వారానికి రెండు రోజుల విరామం అలవాటైంది. భయం న్యాయమైనదే. కానీ లెక్క వేసి చూడండి. శుక్రవారం పొద్దున వేసుకున్న గోలికీ సోమవారం పొద్దున వేసుకునే గోలికీ మధ్య 72 గంటలు. అప్పటికి శుక్రవారం నాటి మందులో మూడో వంతో, నాలుగో వంతో మిగులుతుంది. గుండెకు మాత్రం శనివారమూ లేదు, ఆదివారమూ లేదు. అందుకే ఐదు రోజులు నిండు గోలి వేసి రెండు రోజులు ఎండగట్టడం కన్నా, కిడ్నీ పరీక్ష చూసి రోజూ తక్కువ మోతాదు ఇవ్వడమే నాకు సబబుగా తోస్తుంది. అమ్మకు ఇప్పుడు రోజూ అర గోలి రాశారు. ఇది చదివి ఎవరూ సొంతంగా మార్చుకోవద్దు. క్రియాటినిన్, పొటాషియం ఎంతున్నాయో తెలియకుండా ఈ మందును కదపకూడదు. నీరు పోవడానికి ఇచ్చే లాసిక్స్ పొటాషియాన్ని కూడా తోడేస్తుంది. పొటాషియం తగ్గితే మామూలు మోతాదు డిజాక్సిన్ కూడా విషంలా పనిచేస్తుంది. ఓరుగల్లు ఎండల్లో రెండు రోజులు వాంతులు, విరేచనాలు పట్టుకున్నా చాలు, లెక్కలన్నీ తారుమారవుతాయి. ముసలివాళ్లు అన్నం సహించడం లేదంటే "ఎండకట్లనే ఉంటది" అని సరిపెట్టుకుంటాం. ఈ గోలి వేసుకునే మనిషి ఆ మాట అంటే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. వస్తువులు పచ్చపచ్చగా కనబడుతున్నాయన్నా అంతే.

అమ్మ జబ్బు పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు ముడుచుకోవడం మాని వణుకుతుంటాయి. కింది గదులు ఆ వణుకును అందుకుని ఒక లయ లేకుండా కొట్టుకుంటాయి. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. కాబట్టి మందులు రెండు పనులు చేయాలి: వేగం తగ్గించాలి, రక్తాన్ని పల్చగా ఉంచాలి. వేగం తగ్గించేవాటిలో డిజాక్సిన్‌తో పాటు మెటోప్రొలాల్ కూడా ఉంది. మామూలు మెటోప్రొలాల్ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి తగ్గిపోతుంది కనుక రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. పేరు చివర ఎక్స్ఎల్ అని ఉన్నది రోజంతా కొద్దికొద్దిగా కరుగుతుంది, ఒక్కసారి చాలు. దుకాణంలో ఒకటి లేక ఇంకోటి చేతిలో పెట్టి "అదే మందమ్మా" అంటే నమ్మి తీసుకోవద్దు. మింగలేకపోతున్నారని ఎక్స్ఎల్ గోలిని నూరి తేనెలో కలిపి ఇస్తే, రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. గీత ఉన్నచోట విరవొచ్చు కానీ నూరకూడదు.

గోలి ఇచ్చే ముందు నేను అమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూస్తాను. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించే పద్ధతి ఈ జబ్బుకు పనికిరాదు. లయ తప్పిన నాడిలో ఒక పావు నిమిషానికీ మరో పావు నిమిషానికీ పొంతన ఉండదు. గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాల్సిందే. అప్పుడు కూడా గుండె కొట్టిన దెబ్బలన్నీ మణికట్టుకు చేరవు, బలహీనమైనవి దారిలోనే ఆగిపోతాయి. డాక్టర్ స్టెతస్కోపు పెట్టి చెప్పే లెక్క నా లెక్క కన్నా ఎక్కువ రావడానికి కారణం అదే. నాడి అరవైకి తగ్గితే గోలి ఇవ్వకుండా ముందు ఫోన్ చేయమన్నారు మాకు.

ఇక రక్తం పల్చబరిచే గోలి. అమ్మది ఎసిట్రామ్. రాత్రి ఎనిమిదింటికి. ఆ వేళను గుండె కోసం పెట్టలేదు, మనుషుల వీలు కోసం పెట్టారు. పొద్దున రక్తం ఇస్తే మధ్యాహ్నానికి అది ఎంత పల్చగా ఉందో చెప్పే ఐఎన్‌ఆర్ రిపోర్టు వస్తుంది. అది చూసి డాక్టర్ ఆ రాత్రి మోతాదునే మార్చగలరు. పొద్దున్నే వేసుకునే అలవాటుంటే మార్పు మరునాటి దాకా ఆగాలి. ఇంత చిన్న ఏర్పాటులో ఇంత ఆలోచన ఉందని తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. కారణం తెలిశాక అమ్మ కూడా సీరియల్ అయ్యేదాకా ఆగడం మానేసింది.

ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మరునాడు 3 మిల్లీగ్రాములు అని రాస్తే, ఈ రోజు ఏదో తేల్చేది గోడ మీది క్యాలెండరే. తిథుల పక్కన అమ్మ పెన్సిల్‌తో అంకె వేసుకుంటుంది. వేసుకున్నాక దాని చుట్టూ సున్నా చుడుతుంది. ఆ సున్నా లేకపోతే వేసుకున్నట్టా, మరిచినట్టా అని రాత్రి తొమ్మిదింటికి వాదులాట. మరిచింది అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. తెల్లవారాక గుర్తొస్తే ఆ గోలిని వదిలేయాలి, నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి మింగకూడదు.

ఆకుకూరలు మానేయాలని చాలామంది అనుకుంటారు. పుంటికూర లేకుండా అమ్మకు ముద్ద దిగదు, అది ఆమెకు శిక్ష. అసలు నియమం వేరు. ఆకుల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది కాబట్టి, తినేది ఎంతైనా వారం వారం ఇంచుమించు ఒక్కలాగే ఉండాలి. తినే కూరకు తగ్గట్టు మోతాదును డాక్టర్ కుదురుస్తారు. నెలంతా తినకుండా ఉండి, ఊరి నుంచి మునగాకు, తోటకూర కట్టలు వచ్చాయని వారం రోజులు అదే పనిగా తింటేనే చిక్కు. అంతకన్నా పెద్ద ప్రమాదం మోకాళ్ల నొప్పికి వేయించుకునే సూది. ఊళ్లలో ఆర్ఎంపీ దగ్గరికి పోయి నొప్పి సూది అడగడం మనకు అలవాటు. రక్తం పల్చబడిన మనిషికి కండలో సూది గుచ్చితే లోపలే రక్తం గడ్డకట్టి తుంటి ఉబ్బిపోతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు కడుపులో రక్తస్రావం తెస్తుంది. "రక్తం పల్చబడే గోలి వేసుకుంటున్న" అనే మాట నోటికి రావాలని అమ్మతో నేను చాలాసార్లు వల్లె వేయించాను.

పక్కింటి రిటైర్డ్ టీచర్‌కు కవాటం జబ్బు లేదు, దడ ఒక్కటే. ఆయనకు రక్తం పల్చబరచడానికి ఎపిక్సబాన్ రాశారు. నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదు. ఆయన్ను చూసి అమ్మ "నాకెందుకు రాయరు బిడ్డా ఆ గోలి?" అని అడిగింది. దానికి జవాబు 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో ఉంది. కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటం దెబ్బతిని దడ వచ్చినవాళ్లను, 24 దేశాల్లో 4,500 మందికి పైగా తీసుకుని, కొత్తదైన రివరాక్సబాన్‌నూ ఎసిట్రామ్ కోవలోని పాత రకం మందునూ పోల్చారు. పాత మందు వేసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. కవాటం సన్నబడిన మా అమ్మకు ఎసిట్రామే సరైనది. పరీక్షల బాధ తప్పదు.

టీచర్ గారి గోలికి వేరే క్రమశిక్షణ కావాలి. ఎపిక్సబాన్ సుమారు 12 గంటల్లో సగానికి పడిపోతుంది, అందుకే రోజుకు రెండుసార్లు. చీటీలో 1-0-1 అని ఉంటుంది. పొద్దున పదింటికి టిఫిన్‌తో, రాత్రి ఏడింటికి అన్నంతో వేసుకుంటే పగలు తొమ్మిది గంటలు, రాత్రి పదిహేను గంటలు. ఏడుకు ఏడు అని గంట రాసి ఇస్తే ఈ తేడా ఉండదు. రివరాక్సబాన్ 20 మిల్లీగ్రాముల గోలి సంగతి ఇంకోరకం: ఖాళీ కడుపుతో వేసుకుంటే మూడింట రెండు వంతులే ఒంటికి పడుతుంది. ఒక్కపొద్దు ఉన్న రోజు ఆ ఒక్క పూట భోజనంతోనే వేసుకోవాలి. మండిబజార్‌లో ఉండే మా మిత్రుడి తండ్రి రంజాన్ మొదలుకాక ముందే చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోయి, ఇఫ్తార్‌కు ఏది, సహర్‌కు ఏది అని రాయించుకుంటారు. మేడారం పోయే దడ రోగులు కూడా జాతరకు వారం ముందే ఈ పని చేయాలి. నాలుగు రోజుల జనసముద్రంలో మందుల దుకాణం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

గుండె లయను దారిలో పెట్టే ఎమియోడరోన్ తీరే వేరు. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు నిండితేనే తూము ఎత్తి ఆయకట్టుకు నీళ్లు వదిలినట్టు, ముందు కొన్ని వారాలు ఎక్కువ మోతాదు ఇచ్చి ఒంటిని నింపి, తర్వాత రోజుకు ఒక గోలికి దించుతారు. నిండాక అది సగానికి తగ్గాలంటే దాదాపు రెండు నెలలు. ఒక్క రోజు మరిచినా కొంప మునగదు. అయితే ఆపేశాక కూడా నెలల పాటు అది లోపల ఉండి ఎసిట్రామ్‌ను, డిజాక్సిన్‌ను బలపరుస్తూనే ఉంటుంది. దీన్ని మొదలుపెట్టినప్పుడు ఆ రెండింటినీ తగ్గించాలి. 200 మిల్లీగ్రాముల గోలిలో 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది కాబట్టి థైరాయిడ్ పరీక్ష కూడా ఆరు నెలలకోసారి చేయించాలి.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి ఓపీకి వచ్చేవాళ్లు తెల్లవారుజామున బస్సెక్కుతారు. రక్తపరీక్ష ఉందని పరగడుపున వస్తారు, పొద్దుటి గోలి ఇంట్లోనే వదిలేస్తారు. ఐఎన్‌ఆర్‌కు పరగడుపు అవసరం లేదు. గోలి పడని మనిషి నాడి పదకొండింటికి పరుగెత్తుతుంటే, ఆ సంగతి తెలియని డాక్టర్ మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచే ప్రమాదం ఉంది. పెంచిన మోతాదును ఇంటికి పోయి రోజూ వేసుకుంటే నాడి మరీ పడిపోతుంది. డాక్టర్ ముందు కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట, పొద్దుటి గోలి ఏ గంటకు వేసుకున్నామన్నది. డాక్టర్లు కూడా దాన్నే మొదటి ప్రశ్నగా అడిగి, చీటీ మీద గంటను తెలుగులో రాసిస్తే ఎన్నో ఇళ్లలో గొడవ తీరుతుంది.

అమ్మ కవాటం చిన్నతనంలో వచ్చిన కీళ్ల జ్వరంతో దెబ్బతిన్నది. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి వేయాల్సిన 12 లక్షల యూనిట్ల పెన్సిలిన్ సూది ఆమెకు అప్పట్లో ఎవరూ వేయించలేదు. మా బంధువుల అమ్మాయికి ఇప్పుడు అదే జ్వరం వచ్చి తగ్గింది. తొమ్మిదో తరగతి. సూది తేదీలను అమ్మే తన క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాసిపెట్టి, రెండు రోజుల ముందు వాళ్ల ఇంటికి ఫోన్ చేస్తుంది. ఈసారి 21వ రోజు దసరా సెలవుల్లో పడింది. ఊరికి పోకముందే వేయించమని నిన్న రెండుసార్లు చెప్పింది.