పాత ల్యాప్‌టాప్‌కు క్రొత్త ప్రాసెసర్ : ఒక సలహాపై విమర్శ

ల్యాప్‌టాప్ మందగించినచో "ప్రాసెసర్ మార్చిన చాలును, క్రొత్తదివలె పరుగెత్తును" అను సలహా బజారునందును, బడులయందును వినవచ్చుచున్నది. బుచ్చిరెడ్డిపాలెమువంటి ఊళ్లలో పాత యంత్రముతోనే పాఠములు సిద్ధపరచుకొను ఉపాధ్యాయునకు ఇది డబ్బుతో కూడిన సలహా. కావున దీనిని పరిశీలింపవలసియున్నది.

సలహాకు ఆధారము లేకపోలేదు. ఇంటెల్ సంస్థ 2011 నుండి 2013 వరకు విడుదల చేసిన ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో పెక్కు సాకెట్టులో అమర్చునట్టివి. మర త్రిప్పిన ఊడివచ్చును. తరువాతి తరములలో వానిని బోర్డుకే టంకము వేసిరి. అట్టివానికి ఈ సలహా చెల్లదు. సాకెట్టున్నను, బోర్డులోని బయాస్ క్రొత్త ప్రాసెసరును గుర్తింపనిచో యంత్రము లేవదు.

అసలు లోపము వేరొకటి. కోర్ ఐ3-2310ఎం తీసి ఐ7-2670క్యూఎం పెట్టిరనుకొందము. మొదటిది 35 వాట్లది, రెండవది 45 వాట్లది. పది వాట్లేకదా అనిపించును. కాని ఇది తూము మార్చక చెరువులోనికి నీరెక్కువ వదలుటవంటిది. కనిగిరి జలాశయము క్రింద సేద్యము చేయువారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. వచ్చు నీరు, పోవు నీరు సమమగువరకు మట్టము పెరుగును. ఇచట మట్టము ఉష్ణోగ్రత. తూము అనగా రాగి గొట్టము, లోహపు రెక్కలు, ఫ్యాను.

లెక్క చూడుడు. 30 డిగ్రీల గదిలో 35 వాట్ల ప్రాసెసర్ 86 డిగ్రీలయొద్ద నిలిచినదనుకొనుడు. పెరుగుదల 56, అనగా వాట్‌కు 1.6 డిగ్రీలు. అదే ఫ్యానుతో 45 వాట్లకు పెరుగుదల 72, ఉష్ణోగ్రత 102. ఆ ఐ7 హద్దు 100. మే నెలలో గది 38 డిగ్రీలున్నచో అది వాడుకొనగలది 39 వాట్లలోపే. అందుచే తన వేగమును తానే తగ్గించుకొనును. (కోస్తా ఉక్కపోత మనుష్యులకే బాధ, చెమట పట్టని యంత్రమునకు గాలి ఉష్ణోగ్రతయే ముఖ్యము.)

అయినను న్యాయము తప్పరాదు. శక్తి పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమముగా నుండును. వేగముతోపాటు వోల్టేజియు తగ్గును గనుక, శక్తి తగ్గినంతగా వేగము తగ్గదు. నాలుగు కోర్లు పంచుకొను వీడియో పనిలో లాభము నిజమే. ప్రశ్నపత్రము టైపు చేయువానికి అది కానరాదు.

ఈ వాట్ల అంకెయు నమ్మదగినంత స్పష్టము కాదు. అది గరిష్ఠశక్తి కాదు. టర్బో వేగమున ప్రాసెసర్ కొంతసేపు దానిని దాటును. ఇంటెల్ 2021లో 12వ తరముతో రెండంకెలను వేరుగా ప్రకటింప నారంభించినది: ఐ7-12700హెచ్‌కు మూలశక్తి 45 వాట్లు, గరిష్ఠ టర్బోశక్తి 115. ఈ మేలు పాత ప్రాసెసర్ కొనువారికి దక్కలేదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. రెండవ తరపు ఐ7 పెట్టినంతమాత్రమున విండోస్ 11కు అర్హత రాదు. అందుకు ఇంచుమించు ఎనిమిదవ తరమైనను కావలెను. సలహా చెప్పువారు ఈ మాట దాటవేయుదురు.

ధాన్యపు మిల్లులున్న ఊళ్లలో ఊకధూళి రెక్కల నడుమ పేరుకొనును. ప్రాసెసరుపై పూసిన ఉష్ణలేపనము ఏండ్లకు ఎండిపోవును. ముందు దులిపి, లేపనము మార్చి, హార్డ్ డిస్కు స్థానమున ఎస్‌ఎస్‌డి పెట్టి చూడవలెను. విద్యార్థులు శుభ్రపరచుటకు ముందును, తరువాతను ఒకే గదిలో, ఒకే పనితో ఉష్ణోగ్రతలు వ్రాసికొన్నచో, ఆ 1.6 తమ యంత్రమునకు ఎంతో తేలును.