కాటి సీనులో హరిశ్చంద్రుడు: ఒక విషాద నాయకుని పాత్ర పరిణామము

హరిశ్చంద్రుని గూర్చి మన ప్రసంగములలో వినిపించు మాట ఒక్కటే: ఆయన మాట తప్పలేదు. సత్యమునకు దృష్టాంతముగా ఆ పేరు చెప్పి ముందుకు సాగిపోవుదుము. అయితే బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953) రచించిన నాటకమును శ్రద్ధగా చూచినయెడల ఆ మాట చాలదని తెలియును. మాట తప్పకపోవుట పాత్ర స్వభావము మాత్రమే; పరిణామము కాదు. సింహాసనముపై కూర్చున్న హరిశ్చంద్రుడును, కాటిలో కర్ర పట్టుకొని నిలిచిన హరిశ్చంద్రుడును లోపల ఒక్క మనుష్యుడేనా? ఈ వ్యాసములో పరిశీలింపదలచినది ఇదియే.

ముందుగా ఒక ఆక్షేపణ. చివరకు దేవతలు ప్రత్యక్షమై లోహితుని బ్రతికించి, రాజ్యము తిరిగి ఇచ్చెదరు గనుక ఇది విషాద నాటకమే కాదని అనవచ్చును. నిజమే. మంగళముతో ముగియవలెనన్న సంస్కృత నాటక నియమమును మనవారు చాలకాలము పాటించిరి. బళ్లారి నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఆ నియమమును దాటినప్పుడు తన నాటకమునకు ‘విషాద సారంగధర’ అని పేరులోనే ఆ సంగతి చెప్పవలసి వచ్చెను. అయినను విషాదము ముగింపులో మాత్రమే ఉండదు. అరిస్టాటిల్ చెప్పిన విషాద నాయకుడు దుష్టుడు కాడు, దోషరహితుడును కాడు. ఒక పొరపాటు వలన పడిపోవును. హరిశ్చంద్రునిలో అట్టి పొరపాటు ఏది?

విమర్శకులు ఎక్కువగా పట్టించుకొనని ఘట్టమొకటి ఉన్నది. రాచకొండ పద్మనాయకుల కాలమున, 15వ శతాబ్దములో, గౌరన ద్విపదగా చెప్పిన కథ మొదలుకొని తెలుగు హరిశ్చంద్ర కథలో మాతంగ కన్యలు వచ్చెదరు. విశ్వామిత్రుడు పంపిన ఆ కన్యలు తమను వివాహమాడుమని రాజును అడుగుదురు. రాజు కులము తలచి నిరాకరించును. వారిని చేపట్టుటకంటె రాజ్యమునే వదలుకొనుటకు సిద్ధపడును. దీనిని ధర్మనిష్ఠ అని మెచ్చుకొనుట వాడుక. కానీ మాదిగలు తమ మూలమును మాతంగునితో ముడిపెట్టి చెప్పుకొందురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంఘములలో ఆ వాడలనుండి వచ్చినవారు అనేకులు. వారి మధ్య కూర్చుండి ఈ రంగము చూచువాడు చప్పట్లు కొట్టుటకు కొంచెము ఆలోచించును. కొంత కాలమునకే ఆ రాజు కాటికాపరియైన వీరబాహునికి అమ్ముడుపోవును. ఎవరి చేయి పట్టుకొనలేనన్నాడో వారి చేతికూడే తినవలసి వచ్చెను. ఈ వ్యంగ్యమును నాటకము నోరు తెరచి చెప్పదు. కథా నిర్మాణము చెప్పుచున్నది.

రెండవ పొరపాటు ప్రతిజ్ఞలో ఉన్నది. న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయములో యెఫ్తా మ్రొక్కుకొనెను. మూల్యము చెల్లించినది కుమార్తె. ఇక్కడను మాట ఇచ్చినది రాజు, వీధిలో అమ్ముడుపోయినది చంద్రమతియు లోహితుడును. చంద్రమతి సమ్మతించినదే అని సమాధానము చెప్పవచ్చును. వేరు దారి లేనప్పుడు ఇచ్చిన సమ్మతి అది. పసివానిని అడిగినవారే లేరు. గద్వాల సంస్థానమునకు కవులను పోషించినందున విద్వద్గద్వాల అన్న పేరు వచ్చెను. ఇచ్చిన చేతిని పద్యములు పొగిడినవి గాని, ఆ దానమునకు చేను దున్నినవారి పేర్లు పద్యములకు ఎక్కుట అరుదు. దాతృత్వమును గూర్చి మాటలాడునప్పుడు మూల్యము ఎవరిదని అడుగుట మంచిది.

ఇక నక్షత్రకుడు. అప్పు వసూలునకు వెంటబడి వేధించువానికి తెలుగులో ఆయన పేరే స్థిరపడినది. పట్టణ ప్రేక్షకునికి ఆయన హాస్యపాత్ర. పాలమూరు ప్రేక్షకునికి అట్లు కాదు. అప్పు తీరక దొర ఇంట జీతమునకు కుదిరిన తాతల జ్ఞాపకము ఈ ఊళ్లలో ఉన్నది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చెను. అడ్వాన్సు ఇచ్చి కుటుంబములను దూరపు ఆనకట్టల పనులకు కొనిపోయిన గుంపు మేస్త్రీలను కూడ ఈ ప్రాంతము ఎరుగును. ‘పాలమూరు లేబరు’ అన్న మాట అట్లు పుట్టినదే. కాశీ వీధిలో మనిషికి వెల కట్టు రంగము వారికి పురాణము కాదు. హరిశ్చంద్రునిలో మొదటి మార్పు నాకు అక్కడనే కనిపించుచున్నది. అంతవరకు ఆయన ఇచ్చువాడు. అక్కడ మొదటిసారి తానే సరుకయ్యెను.

మార్పు పూర్తియగునది కాటిలో. పాము కాటుకు చనిపోయిన బిడ్డను మోసుకొని చంద్రమతి వచ్చును. కాటి సుంకము ఇమ్మని ఆయన అడుగును. ఆమెయొద్ద ఏమియు లేదు. భర్తకు తప్ప ఇతరులకు కనబడని మంగళసూత్రమును ఆయన చూచుటతో ఇరువురును ఒకరినొకరు గుర్తుపట్టెదరు. అప్పుడును ఆయన సుంకము విడువడు. దీనిని మొండితనముగా నటించువారు కలరు. అట్లు చేసినచో రంగము చెడును. రాజుగా నిలుపుకొన్న సత్యమునకు కీర్తి తోడున్నది. ఇక్కడ చూచువారు లేరు, మెచ్చువారు లేరు. చేతికిచ్చిన పని మాత్రమున్నది. పైగా ఎవరిని అడుగక మాట ఇచ్చెనో ఆమె ఎదుటనే ఇప్పుడు చేయి చాచవలసి వచ్చెను. గొంతు వణకకుండ ఆ మాట పలుకు నటుడు పాత్రను గ్రహింపలేదని నా అభిప్రాయము.

యోబుతో పోల్చుట మనకు సహజమే: పైలోకములో వాదము, క్రింద శోధన, చివర పునరుద్ధరణ. కానీ యోబు దేవునితో వాదించెను. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుని ‘ఎందుకు?’ అని నిలదీయడు. ఆ ప్రశ్న నాటకములో ఖాళీగా మిగిలిపోయినది.

ఆ ఖాళీని రంగస్థలము తన పద్ధతిలో పూరించుకొన్నది. కాటి సీనును విడిగా తీసి ఆడుట తెలుగునాట వాడుక. అట్లు ఆడినప్పుడు దేవతలు రారు, రాజ్యము రాదు. విషాదము విషాదముగానే నిలుచును. అంతేకాక గుఱ్ఱం జాషువా (1895-1971) వ్రాసిన ‘శ్మశానవాటి’ పద్యములను నటులు అందులో చేర్చి పాడిరి. వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టి, అంటరానివాడని అవమానములు పొందిన కవి ఆయన. చావు ముందు హెచ్చుతగ్గులు లేవన్నది ఆ పద్యముల భావము. మూల నాటకములో లేనివి చొప్పించుట తప్పని అను పండితులతో సాధారణముగా నేను ఏకీభవింతును. ఇక్కడ మాత్రము ఏకీభవింపలేను. మాతంగ కన్యలను కాదన్న నోటినుండి ఆ పద్యములు వచ్చుచున్నవి. నాటకకర్త వ్రాయక విడిచిన పరిణామమును నటులు పాత్రకు చేర్చిరి.