డబ్లిన్‌లో పేరు లేని వ్యాసాలు

వి.వి. గిరి గారిని గురించి నేను తెలుగులో చదివిన వ్యాసాలు దాదాపు ఒకే బాటన నడుస్తాయి. బరంపురంలో పుట్టుక, ఐర్లండులో చదువు, అక్కడి నుండి బహిష్కరణ, కార్మికోద్యమం, చివరకు రాష్ట్రపతి భవనం. ఈ వరుసలో ఐర్లండు ఒక మెట్టు మాత్రమే. మనవారు పై మెట్టు మీద నిలబడి కింది మెట్టును మెచ్చుకొంటారు. ఆ మూడేళ్ళను విద్యార్థుల పత్రికా రచనలో ఒక ఘట్టంగా చూచిన విమర్శకుడు నాకింకా తారసపడలేదు. చూడవలసిన అవసరం మాత్రం ఉన్నది.

1909లో లండనులో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపిన తరువాత అక్కడి భారతీయ విద్యార్థుల మీద అనుమానం ముదిరింది. 1913లో గిరి డబ్లిన్ చేరారు. కింగ్స్ ఇన్స్‌లో బారిస్టరు చదివే భారతీయులు యూనివర్సిటీ కాలేజీలో ఒక ఏడాది పాఠాలు వినాలన్నది నియమం. 1914-15లో అలా విన్న మొదటి జట్టు పదముగ్గురు. 1917 నాటికి మొత్తం యాభైమంది. గిరి దానితో ఆగక బి.ఏ.లో కూడా చేరారు. ఇంగ్లీషు చెప్పినవాడు కవి థామస్ మక్డోనా.

ఈ కుర్రవాళ్ళు చేసిన మొదటి చెప్పుకోదగ్గ పని దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న హింసల మీద ఒక కరపత్రం తేవడం. దీన్ని దేశభక్తి అని ఒక్క మాటలో తేల్చివేయడం నాకు చాలదు. నటాలు చెరకు తోటలకు మద్రాసు రేవు నుండి ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారిలో గంజాం, విశాఖ జిల్లాల తెలుగువారు ఎందరో. 1913లో మూడు పౌన్ల పన్ను మీద సమ్మె కట్టినవారిలో వారూ ఉన్నారు. గంజాం వకీలు గారి అబ్బాయి ఓడెక్కి బారిస్టరు చదువుకు పోయాడు, ఆ జిల్లా కూలివాడు ఓడెక్కి చెరకు నరకడానికి పోయాడు. స్వదేశంలో ఒకరి వాకిట ఒకరు నిలువని ఈ ఇద్దరూ కలుసుకొన్నది డబ్లిన్‌లో అచ్చయిన ఒక కాగితం మీద. ఆ కాగితం విలువ నా దృష్టిలో ఇదీ. భారత రాజకీయ గూఢచారి శాఖ దాన్ని మధ్యలోనే పట్టుకొన్నది. అప్పటి నుండి విద్యార్థుల మీద నిఘా పెరిగింది. (విద్యార్థి రచనలకు పోలీసుకు మించిన శ్రద్ధగల పాఠకుడు ఏ దేశంలోనూ దొరకడేమో!)

తరువాత ఐరిష్ వాలంటీర్ల పత్రికలోనూ, కాలేజీ విద్యార్థుల పత్రిక 'ది నేషనల్ స్టూడెంట్'లోనూ భారతీయ విద్యార్థుల వ్యాసాలు వచ్చాయి. పేర్లు లేవు. వీటిలో గిరి రాసినది ఏది అని వెదకడం మన పండితులకు సహజంగా తోచే పని. నాకది చిన్న ప్రశ్న. పేరు లేకుండా రాసినవాడు తన భయం వల్లనే రాశాడనుకోవడం పొరపాటు. పక్క గదిలో ఉన్నవాడి చదువు కూడా అతని వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. పదిమందీ ఆ అపాయాన్ని పంచుకొన్నారు. ఇప్పుడు ఆ పదిమంది శ్రమనూ రాష్ట్రపతి అయిన ఒక్కరి ఖాతాలో వేయడం, మన సాహిత్య చరిత్రకు అలవాటైన భూస్వామ్య పద్ధతే.

అలాగని గిరిని పుట్టు విప్లవకారుడిగా చిత్రించడమూ తగదు. యుద్ధకాలంలో లండను వెళ్ళి గాంధీని కలిసి, ఆయన కోరిక మీద రెడ్‌క్రాస్ సేవకు ఒప్పుకొన్నవాడూ ఈయనే, తరువాత విచారించాడు. కానలీతో సాన్నిహిత్యాన్ని గురించి చెప్పేవారు, పోలీసుల అనుమానం ఎంత, వాస్తవం ఎంత అని వేరు చేయాలి. 1976లో ఆయన ఆత్మకథ వెలువడేనాటికి ఆ సంఘటనలకు అరవై ఏళ్ళు. అరవై ఏళ్ళ జ్ఞాపకం తన యౌవనాన్ని కొంత సవరించుకోకుండా ఉండదు.

1916 ఏప్రిల్‌లో ఈస్టరు తిరుగుబాటు. మే 3న మక్డోనాను, 12న కానలీని కాల్చి చంపారు. భారతీయ విద్యార్థుల గదుల మీద దాడులు జరిగాయి. నెలలోగా దేశం విడవాలని జూన్ 1న తనకు ఉత్తర్వు అందినట్లు గిరి రాశారు. జూన్ 21న బారిస్టరు పట్టా చేతికొచ్చింది, బి.ఏ. మాత్రం అర్ధంతరంగా ఆగిపోయింది. గురువుకు తుపాకీ గుండు, శిష్యునికి పట్టా, ఓడ టిక్కెట్టు. నష్టాన్ని నష్టంగానే కొలవాలి, పెంచి చెప్పరాదు. తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం కట్టడంలో ఆ చదువు అక్కరకు వచ్చింది. ఆ ఆగిపోయిన చదువు కూడా.

మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కర్నూలును విడిచి ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు పెట్టిన పేరు, లండనులో బారిస్టరు చదివి 1921లో మద్రాసులో 'స్వరాజ్య' పత్రిక నడిపిన మనిషిది. ఇంత చెప్పి, మా కళాశాలల వార్షిక సంచికలు తిరగేస్తే ఏముంటుంది? అధికారుల సందేశాలు, ఫొటోలు, గులాబీ మీద గేయం. మార్కాపురం పలకల మీద దేశమంతా అక్షరాలు దిద్దింది. ఆ పలకలు కోసేవారి ఊపిరితిత్తుల్లో చేరే రాతి దుమ్మును గురించి ఒక్క పేజీ లేదు. రాయగలిగిన పిల్లవాడు లేకకాదు. వాడి తండ్రి ఆ కార్ఖానాలోనే పనిచేస్తాడు.

2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తినప్పుడు ఉక్రెయిన్‌లో వైద్యం చదివే తెలుగు పిల్లలు నేలమాళిగల్లో తలదాచుకొన్నారు. తిరిగివచ్చిన తరువాత మనం వారిని అడిగింది తిండి దొరికిందా, రైలెక్కనిచ్చారా అని. ఇక్కడి ఫీజులు కట్టలేకనే కదా అంత దూరం పోయావు అని గానీ, ఆ యుద్ధాన్ని గురించి నీ అభిప్రాయం ఏమిటని గానీ అడగలేదు. వారు రాయలేదని నిందించే ముందు, రాస్తే వేసుకొనే పత్రిక ఏదో మనం చూపాలి కదా!

డబ్లిన్ విద్యార్థుల వ్యాసాలు తెలుగులోకి రావాలి. గిరి రచనలు అనే అట్టకింద మాత్రం వద్దు. వచ్చినవి వచ్చినట్టే, పేర్లు లేకుండా అచ్చువేయాలి. కరపత్రంతో మొదలుపెడితే మంచిది.