ఖాళీ చోటు వంగుతుందా?

మా పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో నేను పెట్టిన నమూనా మీలో చాలామంది చూసే ఉంటారు. పాత సైకిల్ రిమ్ముకు సాగే గుడ్డ బిగించి, నడుమ ఇనుప గుండు పెట్టాను. గుడ్డ గుంటపడింది. పక్కన వదిలిన గోలీ ఆ గుంట చుట్టూ తిరిగి తిరిగి గుండును చేరింది. "ఐన్‌స్టీన్ 1915లో చెప్పింది ఇదే. సూర్యుడు తన చుట్టూ ఉన్న చోటును వంచుతాడు, గ్రహాలు ఆ వంపులో తిరుగుతాయి" అని వచ్చినవాళ్లకు తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మా తాత మాత్రం కొట్టలేదు. ఆయన బీదర్‌లో ఎన్నో ఏళ్లు మేస్త్రీ పని చేసిన మనిషి. కాసేపు చూసి ఇట్లా అన్నాడు: "గుడ్డ వంగింది, ఒప్పుకుంట. ఏమీ లేని చోటు ఎట్ల వంగుతది బిడ్డా? ఇంకోటి, గోలీ గుంటలకు ఎందుకు జారింది? కింద భూమి గుంజబట్టే గదా! గుంజుడు ఎందుకున్నదో చెప్తానని, గుంజుడుతోనే చూపిస్తివి."

నాకు జవాబు రాలేదు. అందుకే నా నమూనా మీద నేనే ఈ విమర్శ రాస్తున్నాను.

తాత చెప్పిన తప్పు నిజమైనదే. ఆ గుడ్డను భూమి ఆకర్షణ లేని చోట పెడితే గుండు కిందికి దిగదు, గోలీ జారదు. రెండో తప్పు నాకు నేనే కనిపెట్టాను. గుడ్డను మనం బయట నిలబడి చూస్తాం, అందుకే దాని వంపు కంటికి కనబడుతుంది. కానీ మనం ఉన్న చోటును బయటికి వెళ్లి చూడలేం. మరి లోపలే ఉండి వంపును ఎట్లా తెలుసుకోవాలి?

దీనికి దారి తాత పనిలోనే దొరికింది. గోడకు మూల తియ్యాలంటే మేస్త్రీలు ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడతారు. రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. మనం చదివే పైథాగరస్ సిద్ధాంతం ఇదే. "మరి అష్టూరు గుంబజుల మీద ఈ లెక్క నడుస్తదా తాతా?" అని అడిగాను. "గుంబజు మీద ఎట్ల నడుస్తది? అది సాపు నేల కాదు గదా" అన్నాడు.

వెంటనే ఫుట్‌బాల్ మీద దారంతో కొలిచి చూశాను. లంబకోణంలో ఒక వైపు 9 సెంటీమీటర్లు, ఇంకో వైపు 12. సాపు నేల మీదైతే మూడో భుజం 15 రావాలి. నాకు 14 కూడా నిండలేదు. తర్వాత అదే త్రిభుజాన్ని కాగితం మీద గీసి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, దారాన్ని కాగితానికి ఆనించి కొలిచాను. సరిగ్గా 15 వచ్చింది! గొట్టం కంటికి వంపుగానే ఉంది, కానీ కొలతలో వంపు లేదు. బంతికి కొలతలోనే వంపు ఉంది. బంతి మీద తిరిగే చీమ పైకి ఎగరకుండానే, దారం ఒక్కటి ఉంటే ఆ సంగతి తెలుసుకోగలదు. భౌతికశాస్త్రంలో చోటు వంగిందంటే అర్థం ఇదే. అక్కడ కొలతలు సాపు లెక్కకు కుదరవు. చోటు వంగడానికి అదొక గుడ్డ కానక్కరలేదు.

సరే, నిజంగా కొలిచారా? కొలిచారు. సూర్యుడి అంచు పక్కగా వచ్చే నక్షత్ర కాంతి ఎంత వంగాలో ఐన్‌స్టీన్ 1911లో ఒకసారి లెక్క వేశాడు. ఆ లెక్కలో చోటు వంపు లేదు. 1915లో చోటు వంపును కూడా కలిపితే జవాబు రెండింతలై 1.75 సెకన్లు వచ్చింది. ఇవి గడియారం సెకన్లు కావు, ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక సెకను. 1919 మే 29 సూర్యగ్రహణంలో ఎడ్డింగ్టన్ ప్రిన్సిపే దీవిలోనూ, ఇంకో బృందం బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లోనూ ఫొటోలు తీశారు. ఫలితం రెండింతల లెక్కవైపే మొగ్గింది. తర్వాత రేడియో తరంగాలతో చేసిన కొలతలు దాన్ని ఇంకా గట్టిగా నిలబెట్టాయి.

నా గుడ్డలో మూడో తప్పు, అందులో కాలం లేకపోవడం. చేతిలోంచి వదిలిన రాయి కింద పడడానికి ముఖ్య కారణం చోటు వంపు కాదు, ఎత్తును బట్టి కాలం నడక మారడం. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సవరించకపోతే ఫోన్‌లో మనం చూసే దారి తప్పుతుంది.

ఇంకో వాదన కూడా ఉంది. చోటు వంగలేదు, కొలకర్రలే పొట్టివయ్యాయి అనుకోవచ్చు కదా? ఫ్రెంచ్ గణితవేత్త పొయింకరే 1902లోనే ఇట్లాంటి ప్రశ్న వేశాడు. దీన్ని తాత ముందు పెట్టాను. కొంచెంసేపు ఆలోచించి, "ఒక్క కర్ర తప్పితే కర్రను మార్చాలె. కట్టె, ఇనుము, దారం అన్నీ ఒక్క తీరుగ తప్పితే తప్పు నేలదే అనాలె" అన్నాడు. నా మట్టుకు నాకు ఈ జవాబు చాలు. కొలకర్రలనే తప్పుపట్టేవాళ్లు కూడా అంకెలను కాదనలేరు. చోటు వంగిందనడం ఆ అంకెలన్నిటినీ ఒక్క మాటలో చెప్పే సులువైన పద్ధతి.

మనకు ఉత్తరాన, నాందేడ్ దాటాక, హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో ఇండియా రాబోతోంది. 2023లో కేంద్ర ప్రభుత్వం దానికి ఆమోదం తెలిపింది. నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు చేతులు లంబకోణంలో ఉంటాయి. ఎక్కడో కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు వచ్చే అలకు ఆ చేతుల పొడవులో కలిగే అతి చిన్న తేడాను అది కొలుస్తుంది. తాతకు ఈ సంగతి చెబితే, "అంటే అది కూడా మూలమట్టమే అన్నమాట" అని నవ్వాడు.

వచ్చే ఏడు ప్రదర్శనలో నేను గుడ్డ పెట్టను. ఒక బంతి, ఒక కాగితం, కొంచెం దారం పెడతాను. వచ్చినవాళ్లు వాళ్ల చేతులతో వాళ్లే కొలవాలి. చప్పట్లు తక్కువైనా ఫరవాలేదు. తాత లాంటి వాళ్లు ప్రశ్న అడిగితే ఈసారి దారం వాళ్ల చేతికే ఇస్తాను.