చింపే కార్డు, దాచే ఉత్తరం

చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేసేవారు, అశుభం ఇంట్లో ఉండకూడదని. ఆ ఆచారంతో నాకు పేచీ లేదు. కబురు చెప్పాక కార్డు పని తీరిపోయింది. నా బాధంతా ఆ తర్వాత వచ్చే ఉత్తరం గురించే. పెద్దకర్మకు రాలేని చిన్ననాటి నేస్తం, పోయినాయన పిల్లలకు రాసే ఉత్తరం అది. దాన్నీ అశుభం లెక్కలోనే కట్టేస్తున్నాం. పిల్లలకు తెలిసింది నాన్న. ఆ నాన్న ఇరవయ్యేళ్ల కుర్రాడిగా ఎవరితో తిరిగాడో, దేనికి భయపడ్డాడో తెలిసింది నేస్తానికి. పైగా నాన్న రాసిన ఉత్తరాలు నాన్న ఇంట్లో ఉండవు, అందుకున్నవాళ్ల ఇంట్లో ఉంటాయి. అంటే మన ఇంటి చరిత్రలో సగం ఎప్పుడూ పొరుగింటి పెట్టెలోనే ఉంటుంది.

విజయనగరంలో ఇందుకు పెద్ద సాక్ష్యమే ఉంది. గురజాడ అప్పారావు 1915 నవంబరు 30న పోయారు. వాడుక భాష గొడవలో ఆయన మనసు ఎలా నడిచిందో ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నామంటే, మిత్రుడు ఒంగోలు మునిసుబ్రహ్మణ్యానికి రాసిన ఉత్తరాల వంటివి మిగలబట్టే. అవసరాల సూర్యారావు ఆ లేఖలనూ డైరీలనూ పోగుచేసి పుస్తకాలకెక్కించారు. వాడుక తెలుగు కోసం అంత పోరాడిన మనిషి డైరీ ఇంగ్లీషులో రాసుకున్నాడని తెలిసిందీ ఆ కాగితాల వల్లే. విగ్రహం ఇలాంటివి చెప్పదు!

ఇదంతా చదువుకున్నవాళ్ల ముచ్చటేనని ఎవరైనా అంటే కాదనలేను. ఈ ఉత్తరాంధ్ర తీరం నుంచి ఒకప్పుడు కూలికి రంగం (రంగూన్) వెళ్లినవాళ్లలో ఎందరికి అక్షరం వచ్చు? ఎవరిచేతో రాయించుకున్న నాలుగు ముక్కలు, మనియార్డరు కూపన్ మీద పట్టిన ఒకటి రెండు వాక్యాలు, అంతే. కానీ అందుకని ఉన్న ఉత్తరాల్ని పారెయ్యడం న్యాయం కాదు. రాయలేని నేస్తం పక్కన కూర్చుని, ఆయన చెప్పింది ఆయన యాసలోనే రాసుకుంటే ఆ లోటు కొంతైనా తీరుతుంది. ఉత్తరాల్లో అప్పులుంటాయి, తగాదాలుంటాయి, పరువు పోతుందన్న భయం ఇంకా గట్టిది. దాచడమంటే అచ్చెయ్యడం కాదు కదా. ఒక తరం గడిచేదాకా మూటకట్టి ఉంచవచ్చు. వాట్సాప్ ఉందిగా అనేవారికి ఒకటే మాట: చెయ్యెత్తి దణ్ణం పెట్టిన బొమ్మలో పోయినాయన ఎక్కడా ఉండడు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో కథానిలయం పెట్టి, పాత పత్రికల్లో చెదిరిన కథల్ని ఒకచోటికి చేర్చారు. ఉత్తరాలకు అంత సంస్థ అక్కర్లేదు. పెద్దకర్మకు వెళ్లే స్నేహితుడు తన దగ్గరున్న ఉత్తరాలకు జిరాక్సు తీయించి, ఏది ఏ సందర్భంలో వచ్చిందో అంచున రాసి, పిల్లల చేతికిస్తే సరిపోతుంది.