“ఒకేసారి” అంటే ఎప్పుడు? : కార్డుల ఆట నియమావళిలో ఒక చిక్కు

ఆట ప్రారంభించే ముందు పంటలు వేసుకోవడం తెలుగు పిల్లలకు పరిపాటి. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతిని వెల్లకిలగానో బోర్లగానో వేస్తారు. ఇద్దరివి ఒక రకంగా పడి మూడవవానిది వేరుగా పడితే వాడు పండినట్లు. ఎవడైనా ఒక్క క్షణం ఆలస్యంగా చేయి వేసినాడా, మిగిలిన ఇద్దరూ వానిమీద తగవుకు వస్తారు. ఆ తగవు న్యాయమైనదే. ఆ క్షణంలో వాడు తక్కిన రెండు చేతులను చూడగలిగినాడు. చూచి వేసిన చేయి, చూడక వేసిన చేయి ఒకటి కావు.

ఈ తగవునే 200 పుటలకు మించిన నియమావళి ఒకటి తీర్చడానికి ప్రయత్నించింది. అది “మేజిక్ : ది గాదరింగ్” అనే కార్డుల ఆటకు సంబంధించినది. దీనిని కల్పించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితశాస్త్రంలో డాక్టరు పట్టం పొందిన అమెరికనుడు. 1993 ఆగస్టులో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ ఈ ఆటను విడుదల చేసినది. పేకాటలో అందరికీ కలిపి ఒకే కట్ట ఉంటుంది. ఇక్కడ అట్లు కాదు. వేలకొలది వేర్వేరు కార్డులలో నుండి ప్రతి ఆటగాడు తనకు కావలసినవి కొని, ఇతరులతో మార్చుకొని, సొంత కట్టను కూర్చుకొని వస్తాడు. ఇద్దరు ఆడినప్పుడు సాధారణంగా ఒక్కొక్కరికి 20 ప్రాణాంకాలు. ఎదుటివాని అంకాలను సున్నకు దింపినవాడు గెలుస్తాడు. ప్రతి కార్డుమీద దాని పని అచ్చువేసి ఉంటుంది. నియమావళికీ కార్డుకూ విరోధం వచ్చినచోట కార్డు మాటయే చెల్లుతుందని నియమావళే ఒప్పుకొన్నది. తనను కాదనే వేల కార్డులకు చట్టం వ్రాయవలసివచ్చిన ఈ గ్రంథాన్ని విమర్శించేటప్పుడు కొంత సానుభూతి అవసరం.

ఇక అసలు చిక్కుకు వద్దాం. 2001లో వచ్చిన “ఇన్నొసెంట్ బ్లడ్” అనే కార్డు “ప్రతి ఆటగాడు ఒక జీవిని బలి ఇవ్వవలెను” అని మాత్రమే చెబుతుంది. ఎవరు ముందు ఎంచుకోవాలి? కార్డు మాట్లాడదు. జవాబు నియమావళిలోని 101.4వ నియమంలో ఉన్నది. అనేకులు ఒకే సమయంలో ఎంపిక చేయవలసివస్తే, ఎవరి వంతు నడుస్తున్నదో ఆ ఆటగాడు మొదట ఎంచుకోవలెను. తరువాత వంతుల వరుసలో మిగిలినవారు ఎంచుకోవలెను. అందరి ఎంపికలూ ముగిసిన పిమ్మట పనులన్నీ ఒక్కసారిగా జరుగుతాయి. వెనుక ఎంచుకొనేవానికి ముందువారి ఎంపికలు తెలిసియుండునని కూడ స్పష్టంగా వ్రాసినారు.

ఎంపిక వేరు, పని వేరు అని విడదీయడం ఈ నియమంలోని గొప్పతనం. సాధారణ వ్యవహారంలో ఈ రెంటినీ మనుష్యులు ఎప్పుడూ కలిపివేస్తూనే ఉంటారు. అయితే విడదీసిన తరువాత ఏమి జరిగినదో లెక్క వేసి చూస్తేగాని ఈ నియమం ఎవరి పక్షం వహించినదో తెలియదు.

రాముడు, సోముడు ఆడుతున్నారనుకొందాం. రాముని వద్ద ఒక పక్షి, ఒక ఏనుగు ఉన్నవి. పక్షి తగిలితే సోమునికి 2 అంకాలు, ఏనుగు తగిలితే 3 అంకాలు నష్టం. సోముని వద్ద ఎగిరే జీవులను మాత్రమే అడ్డగించగల ఒక కిన్నర, నేలమీద నడిచేవాటిని మాత్రమే ఆపగల ఒక గోడ ఉన్నవి. (ఈ ఆటలో గోడ కూడ జీవియే!) తన వంతులో రాముడు ఇన్నొసెంట్ బ్లడ్ ప్రయోగించి, ఆ తరువాత మిగిలిన జీవితో దాడి చేయదలచినాడు. నియమం ప్రకారం రాముడే ముందు ఎంచుకోవాలి. అతడు పక్షిని ఉంచుకొంటే సోముడు అది చూచి కిన్నరను ఉంచుకొంటాడు. ఏనుగును ఉంచుకొంటే గోడను ఉంచుకొంటాడు. ఏది చేసినా నష్టం సున్న. కార్డు ఖర్చు పెట్టినవాడే చేతులు కట్టుకొని కూర్చోవలసివచ్చినది.

వరుస తిరగవేసి సోముడే ముందు ఎంచుకొన్నాడనుకొంటే, అతడు రెండు కీడులలో చిన్నదానికి ఒడిగట్టి గోడను ఉంచుకొంటాడు. రాముడు పక్షిని ఉంచుకొని 2 అంకాలు తీస్తాడు. ఇద్దరూ పంటలు వేసినట్లు ఒకరిదొకరు చూడక ఎంచుకొంటేనో? అప్పుడు రాముడు అయిదింట మూడుసార్లు పక్షిని, రెండుసార్లు ఏనుగును యాదృచ్ఛికంగా ఉంచుకోవడం మేలు. అట్లు చేస్తే సోముడు ఏది ఉంచుకొన్నా సగటున 6/5, అనగా 1.2 అంకాలు నష్టపోతాడు. కిన్నరను ఉంచుకొంటే ఏనుగువల్ల 3 × 2/5, గోడను ఉంచుకొంటే పక్షివల్ల 2 × 3/5, రెండూ ఒకటే. సోముని వైపునుండి చూచినా అతడు కిన్నరను అయిదింట రెండుసార్లు ఉంచుకొంటే నష్టం 1.2కు మించదు. సున్న, 1.2, 2 : ఒకే కార్డు, అవే జీవులు, అదే పని. మారినది ఎవరికి ఏమి తెలుసుననేది ఒక్కటే.

ఈ లెక్క వెనుక ఉన్న సిద్ధాంతాన్ని హంగరీలో జన్మించిన జాన్ ఫాన్ నాయ్‌మన్ 1928లో నిరూపించినాడు. ఒకరి లాభం ఇంకొకరి నష్టమయ్యే ఇద్దరి ఆటలో, వ్యూహాలు పరిమితమైతే, యాదృచ్ఛిక మిశ్రమాన్ని అనుమతించినప్పుడు ఇద్దరి ఉత్తమ ఫలితాలు ఒకే విలువ వద్ద కలుస్తాయి. పై ఉదాహరణలో ఆ విలువ 1.2. అట్టి ఆటలో ఎదుటివాని ఎంపికను చూచి ఎంచుకొనేవానికి ఎన్నడూ నష్టం రాదు. క్రీడా సిద్ధాంతంలో “ఒకేసారి” అనే మాటకు గడియారంతో పని లేదు. ఒకడు ఉదయం కాగితంపై వ్రాసి మూసిపెట్టి, రెండవవాడు సాయంకాలం దానిని చూడక నిర్ణయించినా అది ఏకకాల నిర్ణయమే. అర నిమిషం తేడాలో చూచి నిర్ణయిస్తే అది వరుస నిర్ణయం.

ఈ గీటురాయిపై పెట్టి చూస్తే 101.4వ నియమంలో ఒక లోపం బయటపడుతుంది. అదే నియమానికి ఒక ఉపనియమం ఉన్నది. చేతిలోని కార్డులవంటి, ఇతరులకు కనబడని చోటునుండి ఎంచుకొనేటప్పుడు ఎంచిన కార్డును బోర్లించి ఉంచవచ్చును. ఏ కార్డు ఎంచినదీ చూపితే చాలును, దాని ముఖం చూపనక్కరలేదు. 2011లో వచ్చిన “లిలియానా ఆఫ్ ది వెయిల్” అనే కార్డుకు “ప్రతి ఆటగాడు ఒక కార్డును పారవేయవలెను” అనే శక్తి ఉన్నది. ఇక్కడ ఇద్దరూ కార్డులు బోర్లించి ఎంచుకొంటారు, తరువాతనే తిప్పుతారు. అనగా ఇది నిజమైన పంట. “ప్రతి ఆటగాడు ఒక జీవిని బలి ఇవ్వవలెను” అన్నప్పుడు మాత్రం వరుస ఎంపిక. రెండు వాక్యాల నిర్మాణం ఒకటే. చదివే విద్యార్థికి వాటి మధ్య భేదం కనబడే అవకాశమే లేదు. అయినా ఒకటి ఒక జాతి ఆట, రెండవది వేరొక జాతి ఆట. ఎంపిక రహస్యంగా ఉండాలా వద్దా అన్నది నిర్ణయపు స్వభావాన్నిబట్టి కాక, కార్డు బల్లమీద ఉన్నదా చేతిలో ఉన్నదా అన్నదానినిబట్టి తీర్మానించినారు. ఇది బల్లమీది సౌకర్యానికి పుట్టిన ఏర్పాటే కాని తర్కానికి పుట్టినది కాదు.

వంతు నడుస్తున్నవానికి ఎటూ కొన్ని మేలులు ఉన్నవి గనుక ఎంపికలో ముందుండే కష్టం దానికి సరిపోతుందని ఎవరైనా అనవచ్చును. కాని ఆ మేలు ఎంత, ఈ కష్టం ఎంత అని తూచి పెట్టిన ఏర్పాటుగా ఇది కనబడదు. పై ఉదాహరణలో కష్టం 1.2 అంకాలు. జీవులు మారితే అది 10 కావచ్చును, ఏమీ లేకపోవచ్చును.

ఈ వరుస ఇంకొకచోట మరింత విచిత్రంగా పనిచేస్తుంది. ఒక సంఘటనవల్ల ఇద్దరి కార్డులూ ఒకేసారి మేల్కొంటే, వాటి ఫలితాలను ఒక దొంతరగా పేర్చుతారు. వంటింటి కంచాల దొంతర వలెనే, చివర పెట్టినది ముందు తీయాలి. 2012లో వచ్చిన “బ్లడ్ ఆర్టిస్ట్” అనే కార్డు ఏ జీవి చచ్చినా ఒక ఆటగాని ప్రాణాంకం ఒకటి తీసి తన యజమానికి ఒకటి ఇస్తుంది. రాముడు, సోముడు ఇద్దరి వద్దా ఈ కార్డు ఉండి, ఇద్దరికీ ఒక్కొక్క అంకమే మిగిలియున్నప్పుడు, రాముని వంతులో ఒక జీవి చచ్చినదనుకొందాం. రాముని ఫలితం దొంతరలో ముందు పడుతుంది, దానిమీద సోమునిది. మీదిది ముందు తెరుచుకొంటుంది. రాముడు సున్నకు దిగి ఓడిపోతాడు. అతని ఫలితం ఇక రానే రాదు. ఇదే ఆటలో “ఎర్త్‌క్వేక్” అనే 1993 నాటి కార్డు ఇద్దరికీ కలిపి దెబ్బ కొట్టి ఇద్దరినీ సున్నకు దింపితే ఆట సరిసమానంగా ముగుస్తుంది. ఎందుకనగా అంకాలు సున్న అయినవా అనే పరీక్ష అందరిమీదా నిజంగా ఒకేసారి జరుగుతుంది. ఎంపికకు ఒక ఏకకాలం, మేల్కొన్న ఫలితాలకు ఒక ఏకకాలం, ఓటమి పరీక్షకు ఒక ఏకకాలం! ఒక్క మాటతో మూడు పనులు చేయించుకొన్నారు.

ఈ దొంతర మొదటినుండీ ఇంత క్రమంగా లేదు. 1999లో ఆరవ కూర్పు వచ్చేవరకు “ఇంటరప్ట్” అనే ప్రత్యేక జాతి కార్డులు తక్కినవాటికన్న ముందు ఫలించేవి. అంకాలు సున్నకు దిగినా ఆ దశ ముగిసేదాక ఆటగాడు ఓడినట్లు కాదు. 1999లో దొంతర పద్ధతి ప్రవేశపెట్టి ఆ గందరగోళాన్ని తొలగించినారు. అప్పుడు యుద్ధంలోని దెబ్బలను కూడ దొంతరలో పెట్టడంతో, దెబ్బ కొట్టిన జీవిని మధ్యలో బలి ఇచ్చినా దాని దెబ్బ మాత్రం తగిలేది. 2009లో దానినీ తీసివేసినారు. ఈ సంస్కరణలను మెచ్చుకోవలసిందే. దొంతర నియమాలు ఎంత నిశితమైనవనగా, ఈ ఆటలోని కార్డులతో ట్యూరింగ్ యంత్రాన్ని నిర్మింపవచ్చునని 2019లో ముగ్గురు పరిశోధకులు చూపినారు. ఆ నిర్మాణంలో ఆటగాళ్ళు ఎంచుకోవలసినదేమీ లేకుండా అన్నీ నిర్బంధ చర్యలే కావడం గమనింపదగినది. ఎంపిక లేనిచోట ఈ గ్రంథం గడియారంవలె నడుస్తుంది.

1999లో జపానులో కొనామి సంస్థ విడుదల చేసిన “యూ-గి-ఓ” కార్డుల ఆటతో పోల్చితే మేజిక్ నియమావళి ఎంతో మెరుగు. యూ-గి-ఓలో ఫలితాలు గొలుసుగా ఏర్పడి చివరినుండి విడివడుతాయి. “ఇది జరిగినప్పుడు నీవు చేయవచ్చును” అనే ఐచ్ఛిక ఫలితం, ఆ సంఘటన అన్నిటికన్న చివర జరిగినదై ఉంటేనే చెల్లుతుంది. దాని తరువాత ఇంకొకటి జరిగినదా, సమయం తప్పినట్లే. “జరిగినట్లయితే” అని వ్రాసిన కార్డుకు ఈ బాధ లేదు. ఒక్క విభక్తివంటి మాట తేడాతో కార్డు బ్రతకడమో చావడమో జరుగుతుంది. దీనిని సూక్ష్మత అనడంకన్న వల అనడం న్యాయం.

రహస్య ఎంపిక అసాధ్యమా అంటే, కాదు. 1959లో అచ్చయిన “డిప్లొమసీ” అనే ఆటలో అందరూ తమ ఆజ్ఞలను కాగితాలపై వ్రాసి ఒకేసారి వెల్లడిస్తారు. గార్‌ఫీల్డే కల్పించి 1994లో ప్రకటించిన “రోబోరాలీ”లో యంత్రపు బొమ్మల కదలికలను కార్డులు బోర్లించి ముందే నిశ్చయించుకొంటారు. మేజిక్‌లో కూడ 2002లో వచ్చిన “మెనేసింగ్ ఓగర్” అనే కార్డు ప్రతి ఆటగాడు రహస్యంగా ఒక సంఖ్య ఎంచుకోవలెనని, తరువాత వాటిని వెల్లడింపవలెనని కోరుతుంది. కాని చిన్న ఎంపిక వచ్చినప్పుడల్లా కాగితం, పెన్సిలు తీయవలసివస్తే ఆట సాగదు. కనుక సాధారణ నియమంగా వరుసను పెట్టడం తప్పు కాదు. తప్పల్లా వరుసను కార్డుమీద చెప్పకపోవడం. 2011లో వచ్చిన “మైండ్స్ ఆగ్లో” అనే కార్డు “నీతో ప్రారంభించి ప్రతి ఆటగాడు ఎంతైనా చెల్లించవచ్చును” అని తన వరుసను తానే చెప్పుకొంటుంది. నలుగురు కూడి ఆడేచోట ఆ నాలుగు మాటలకు ఎంతో విలువ ఉన్నది. అందరికీ పనికివచ్చే ఖర్చును మొదటివాడు “నేను పెట్టను” అని తేల్చివేస్తే భారం మిగిలినవారిపై పడవచ్చును గనుక అక్కడ ముందుండడమే మేలు కావచ్చును.

కాగితం, పెన్సిలు అనే సాకు కూడ ఒకచోట చెల్లదు. 2002 నుండి ఈ ఆటను కంప్యూటరుమీద ఆడుతున్నారు. యంత్రానికి ఇద్దరి ఎంపికలను రహస్యంగా తీసుకొని ఒక్కసారిగా తెరవడం క్షణంలో పని. అయినా అక్కడ కూడ ఇన్నొసెంట్ బ్లడ్ పడితే వంతు నడుస్తున్నవాడే ముందు ఎంచుకొంటాడు, రెండవవాడు చూచి ఎంచుకొంటాడు. కాగితపు ఆట, యంత్రపు ఆట ఒకటిగానే ఉండాలంటే వేరు దారి లేదు.