మూర్ మార్కెట్టూ, నీకు దండం

మూర్ మార్కెట్టూ, నీకు దండం. ఎర్ర ఇటుకల ఒంటిదానా, కమానుల నడవలదానా, మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కనే కొలువుండి రైలు దిగినవాళ్లను దిగినట్టే లోపలికి పిలుచుకున్నదానా, ధర్మపురి నుంచి ఒక తెలుగువాడు నిన్ను తలచుకుంటున్నాడు.

మా ధర్మపురి ఒకప్పటి తగడూరు సీమ. ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యార్ చేతిలో పెట్టాడని చెప్పుకునే అదియమాన్ ఏలిన నేల. తనకన్నా కవి ఎక్కువ కాలం బతకాలని రాజు కోరుకున్న చోట పుట్టి, పుస్తకం మీద మక్కువ లేకుండా ఎలా ఉంటాం? ఇంట్లో మాట తెలుగు, వీధిలో మాట తమిళం. చదువుకోవడానికి తెలుగు పుస్తకం కావాలంటే మాత్రం మొరప్పూరు దాకా పోయి మద్రాసు రైలెక్కాల్సి వచ్చేది.   మద్రాసు రైలు వెళ్లి ఆగేది నీ పక్కనే. మా పెద్దలకు ఆ పట్నంలో మొదటి చుట్టానివి నువ్వే.

నీ పుట్టుకే ఒక తరలింపు. బ్రాడ్‌వేలో పోఫాం మార్కెట్ ఇరుకై, మురికై, మనుషులు మసలడానికి పనికిరాకుండా పోతే, అక్కడి వ్యాపారులకు కొత్త నీడ కావాలని 1898లో కార్పొరేషన్ అధ్యక్షుడు జార్జ్ మూర్ నీకు పునాదిరాయి వేశాడు. 1900లో తలుపులు తెరిచావు. ట్రెవెల్యన్ దొర ఊరి జనం కోసం వేయించిన పీపుల్స్ పార్కులో నీకు చోటు దొరికింది. ఆవరణలో కొలనులు, పక్కనే జంతుప్రదర్శనశాల. నీ కడుపులో పావురాలు, కుక్కపిల్లలు, గ్రామఫోన్ రికార్డులు. వాటన్నిటి నడుమ, నిలువెత్తు గుట్టలుగా, పాత పుస్తకాలు.

ఆహా, ఆ పుస్తకాలు! పింఛను పుచ్చుకున్న జడ్జీగారి బీరువా ఆయన పోయాక నీ దగ్గరికి వచ్చేది. ఓడెక్కి వెళ్లిపోయిన దొరల అల్మారాలు వచ్చేవి. పరీక్ష గట్టెక్కిన కుర్రాడి లెక్కల పుస్తకం వచ్చేది, వచ్చే ఏటి కుర్రాడి కోసం. ఇక మన అచ్చుకు పుట్టిల్లు ఆ పట్నమే కదా! వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో అచ్చుకూటం పెట్టింది అక్కడే. నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను 1914లో బొంబాయి నుంచి తెచ్చుకున్నది అక్కడికే. భారతి 1924లో, చందమామ 1947లో కళ్లు తెరిచింది అక్కడే. అచ్చయిన ఊళ్లోనే చదివించుకుని, అట్టలు ఊడి, తూకానికి పోవలసిన తెలుగు కాగితాన్ని ఎంతగా కాపాడావు తల్లీ! పాత కాగితాల కొట్టు త్రాసుకీ కొత్త పాఠకుడి చేతికీ మధ్య అడ్డం నిలబడ్డావు.

నీ కొట్లవాళ్లకూ దండం. వాళ్లలో ఎంతమందికి తెలుగు అక్షరం వచ్చు? అయినా ఏ పుస్తకం ఎవరికి కావాలో కనిపెట్టేవారు. కుట్టు చూసి, కాగితం తడిమి, అన్నిటికన్నా ముఖ్యంగా కొనేవాడి కళ్లలో మెరుపు చూసి ధర చెప్పేవారు. వెతుకుతున్న పుస్తకం కనబడితే ముందు పక్క పుస్తకం బేరమాడమని మా పెద్దలు నేర్పింది అందుకే. మౌంట్ రోడ్డులో హిగిన్‌బాథమ్స్ ఉంది, 1904 నుంచి అదే భవనంలో, గొప్పగా. అక్కడ ధర అట్ట మీద ఉంటుంది. నీ దగ్గర ధర రెండు నోళ్ల మధ్య పుట్టేది. జేబులో తిరుగు టికెట్టు డబ్బులు తప్ప పెద్దగా ఏమీ లేనివాడు కూడా నీ దగ్గర పాఠకుడే.

1985 మే 30న నిన్ను మంటలు తిన్నాయి.

అదే ఏడు పక్కనున్న జంతువులు కూడా వండలూరు అడవికి వెళ్లిపోయాయి. నువ్వు నిలిచిన చోట సబర్బన్ రైళ్ల స్టేషన్ లేచింది. రైల్వేవాళ్లు దానికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని నీ పేరే ఉంచారు. నీ ఆకారాన్ని బుల్లి బొమ్మగా కట్టి అక్కడ నిలబెట్టారు. కొట్లవాళ్లకు అల్లికులం దగ్గర కొత్త కాంప్లెక్సులో గదులిచ్చారు. ఒకనాడు పార్కులో కలువల కొలనున్న చోటు అది.

దూరం ఎంతని? రిప్పన్ భవనం దాటి కాసిన్ని అడుగులు. అయినా ఆ కాసిన్ని అడుగులే కొంప ముంచాయని నా బాధ. కొట్టుకు కొట్టు లెక్కగట్టి ఇచ్చారు, సరే. రైలుకు ఇంకా గంట టైముంది, ఊరికే ఓ చుట్టు తిరిగొద్దామనుకునే మనిషిని మాత్రం ఎవరూ తరలించలేకపోయారు. పాత పుస్తకాల కొట్టుకు అన్నం పెట్టేది ఆ మనిషే. ఫలానా పుస్తకం కావాలని బయల్దేరేవాడు ఎక్కడికైనా వెతుక్కుంటూ వెళ్తాడు. ఏం కావాలో తనకే తెలియక, దారిన పోతూ ఆగి, గుట్టలోంచి ఒక్కటి లాగి, నిలబడ్డచోటే పది పేజీలు చదివేసేవాడి సంగతేమిటి? అతని కాళ్లు స్టేషన్ వాకిట్లోనే ఉండిపోయాయి. పుస్తకాల కొట్టును కదిలించేవాళ్లు ముందు జనం నడిచే దారిని కొలవాలి, గదుల్ని ఆ తర్వాత కొలుచుకోవచ్చు. ఇది ఏ ఊరికైనా చెబుతాను.

అయినా నీ కొట్లవాళ్లు మానలేదు. బూడిదలోంచి లేచి, కొత్త గదుల్లో మళ్లీ గుట్టలు పేర్చారు. వైద్యం, ఇంజనీరింగ్, నవలలు, నిఘంటువులు, ఎవరో ఎవరికో పెళ్లికి బహూకరించినట్టు సంతకమున్న పద్యకావ్యం. నీ పేరు చెప్పుకునే బతుకుతున్నారు తల్లీ.

సెంట్రల్‌లో దిగి మళ్లీ రైలెక్కడానికి గంట వ్యవధి ఉన్న తెలుగు పాఠకుడా, ఫోను జేబులో పెట్టి రిప్పన్ భవనం వైపు నడువు. అల్లికులం ఎటని దారిలో ఎవరినైనా అడుగు. కొట్టు ముందు నిలబడి, "అన్నా, తెలుంగు బుక్ ఇరుక్కా?" అని తమిళంలోనే పలకరించు. ఉంటే ఒకటి కొనుక్కో. లేదంటే, మళ్లీ వస్తానని చెప్పి రా. అడిగేవాళ్లు ఉన్నంతకాలమే వాళ్లు మన పుస్తకాల్ని తూకానికి వేయకుండా పక్కన పెడతారు.